ఆరు ఫొటోలు కావాలట, "ఫుల్ రైట్స్" అంటున్నారు. రేటు ఎలా చెప్పాలి?

#1 కొత్తలెన్సు
నా పేజీలో ఉన్న ఫొటోల్లో 6 కావాలని ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వెబ్‌సైటుకి, బ్రోచర్‌కి అన్నారు. చివర్లో ఒక లైను: "ఫుల్ రైట్స్‌తో కలిపి ఒక్కో ఫొటోకి మీ రేటు చెప్పండి, సాయంత్రంలోగా." ఆరింట్లో ఒకదాంట్లో వెల్డింగ్ చేస్తున్నాయన మొహం స్పష్టంగా ఉంది. ఇంకోదాంట్లో వెనక గోడ నిండా ఎవరో వేసిన బొమ్మ. ఫొటోకి ఎంత అనమంటారు?

#2 ఎఫ్‌ఎయిట్
సాయంత్రంలోగా అంటే తొందర వాళ్ళది, నీది కాదు. ఇప్పుడే ఏ అంకే వెయ్యకు. మెయిల్లో ఒకసారి పడ్డ అంకెని తర్వాత పైకి లాగడం ఎవరి తరమూ కాదు.

#3 చీకటిగది
ఫొటోకి రేటు ఉండదు, వాడకానికి ఉంటుంది. అదే ఫొటో వెబ్‌సైటులో ఒక మూల అంగుళమంత ఉంటే ఒక లెక్క, హోర్డింగుల మీదికి ఎక్కితే వేరే లెక్క. కాబట్టి అంకె అడిగినవాళ్ళని నువ్వు ఎదురు అడగాలి: ఎక్కడెక్కడ వాడతారు, ఎన్నాళ్ళు, ఏ దేశాల్లో, బ్రోచర్ ఎన్ని కాపీలు, లోపలి పేజీలోనా అట్ట మీదా, డబ్బు పెట్టి నడిపే ప్రకటనల్లో పెడతారా, ఇదే ఫొటో ఇంకెవరికీ ఇవ్వకూడదా, వాడేది కంపెనీ ఒక్కటేనా లేక డీలర్లు కూడానా.

ఇందులో జనం మర్చిపోయేది ఆ చివరిదే. డీలర్లు, పంపిణీదారులు, ప్రెస్ నోట్ పంపే ఏజెన్సీ, వీళ్ళలో ఎవరికీ నువ్వు కంపెనీకిచ్చే లైసెన్సు (వాడుకునే అనుమతి) దానంతటది వర్తించదు. కంపెనీవాళ్ళు మాత్రం వర్తిస్తుందనే అనుకుంటారు. "మరియు అనుబంధ సంస్థలు" అని ఒప్పందంలో ఒక్క మాట కనిపిస్తే అక్కడ ఆగు, ఎన్ని సంస్థలో అడుగు.

#4 బ్యాటరీడౌన్
"అవన్నీ ఇంకా అనుకోలేదండీ, ముందు ఫైళ్ళు పంపండి" అంటారు చూడండి.

#5 చీకటిగది
అననీ. "ఇప్పటికి ఖాయంగా తెలిసిన వాడకానికి రేటు ఇస్తాను, తర్వాత పెరిగితే ఇంత కలుస్తుంది" అని అదే కాగితం మీద రెండో రేటు కూడా రాసి పంపాలి. పెరిగినప్పుడు ఎంత అవుతుందో ముందే తెలిస్తే కొనేవాళ్ళు బెదరరు. ఫైళ్ళంటారా, వాటర్‌మార్క్ వేసి పొడవు వైపు 1000 పిక్సెళ్ళు. లేఔట్‌లో పెట్టి చూసుకోవడానికి అది చాలు.

#6 డిజైన్‌డెస్క్
నేను కొనేవైపు కూర్చునేదాన్ని. "ఫుల్ రైట్స్" అని రాసే పదిమందిలో తొమ్మిదిమందికి కాపీరైట్ కావాలని ఉండదు. వచ్చే ఏడాది ఇంకో డిజైనర్ వచ్చి అదే ఫొటోని క్యాలెండర్‌లో పెట్టేస్తాడు, గడువు ఎప్పుడు అయిందో ఎవరికీ గుర్తుండదు, అదీ భయం. ఆ భయానికి పెట్టుకున్న పేరే ఫుల్ రైట్స్.

అందుకని సూటిగా అడగండి: "మీకు కావాల్సింది ఫొటో మీద యాజమాన్యమా, ఇబ్బంది లేకుండా ఎక్కువకాలం వాడుకునే వీలా?" రెండోదే అంటారు. ఇంకో సాయం కూడా చెయ్యొచ్చు. ఫైలు పేరులోనే గడువు పెట్టండి, "వెల్డింగ్03_వెబ్_31మార్చి2028వరకు" అన్నట్టు. ఆ పేరు చూసి మా ఫోల్డర్లలో ఆగిపోయిన తప్పు వాడకాలు ఇన్నీ అన్నీ కావు.

#7 పిక్సెల్‌పంతులు
మూడు వేరువేరు సరుకుల్ని ఒకే పేరుతో పిలవడం వల్లే ఈ గొడవంతా.

హక్కుల బదలాయింపు అంటే కాపీరైటే చేతులు మారడం. ఆ తర్వాత నీ ఫొటోని నీ పేజీలో పెట్టుకోవాలన్నా వాళ్ళని అడగాలి. ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు అంటే రాసుకున్న పరిధిలో, రాసుకున్నన్నాళ్ళు వాళ్ళకే. ఆ కాలంలో ఆ పనికి నువ్వు కూడా వాడకూడదు, వేరుగా రాసుకుంటే తప్ప. నాన్ ఎక్స్‌క్లూజివ్ అంటే వాళ్ళకీ ఇస్తావు, పక్కవాళ్ళకీ ఇస్తావు. మామూలు బేరాల్లో నూటికి తొంభై ఈ మూడోదానితోనే సరిపోతాయి.

ఇక యజమాని ఎవరన్నది దేశాన్ని బట్టి మారుతుంది. రాతకోతలు లేకపోతే చట్టమే నింపేస్తుంది. భారత కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి చెప్పి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళే మొదటి యజమాని. బ్రిటన్‌లో 1989 ఆగస్టు 1 నుంచి తీసినవాళ్ళదే. దానికి ముందు తీసినవాటికి తీయించుకున్నవాళ్ళది. అమెరికాలో ఫ్రీలాన్సర్ తీస్తే తీసినవాళ్ళదే. ఉద్యోగి డ్యూటీలో తీస్తే ఉద్యోగం ఇచ్చినవాళ్ళది. అందుకే "అందరికీ తెలిసిందేగా" అనే మాట ఈ విషయంలో పనికిరాదు.

#8 కొత్తలెన్సు
ఇవి ఎవరూ చెప్పి తీయించినవి కావు పంతులు గారూ, నా అంతట నేను తీసినవే.

#9 పిక్సెల్‌పంతులు
అయితే హక్కు నీదే, ఇబ్బంది లేదు. ఇంకో సంగతి. లైసెన్సు కాగితంలో గడువు రాయకపోతే అదే భారత చట్టం సెక్షన్ 19 ప్రకారం 5 ఏళ్ళు అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. సెక్షన్ 19 బదలాయింపుకి రాసింది. 30ఎ వల్ల లైసెన్సుకీ వర్తిస్తుంది. వేరే దేశాల్లో ఖాళీలు ఇలాగే పూడతాయని లేదు. ఖాళీ వదలకపోవడమే మంచిది.

#10 లెన్స్‌మూత
కోతి తీసిన సెల్ఫీకి హక్కెవరిదని అమెరికా అప్పీలు కోర్టు దాకా వెళ్ళారు. 2018లో కోతికి దావా వేసే అర్హత లేదని తేల్చారు. మనం కనీసం కాగితం రాసుకోగలం.

#11 రాఫైలు
రేటు దగ్గరికి రండి బాబూ. అంకె గాల్లోంచి రాదు, రెండు లెక్కలుంటాయి. ఏ దేశం డబ్బైనా సరే, యూనిట్లు అనుకుందాం.

మొదటిది నీ రోజు ఖరీదు. ఏడాదికి కెమెరా-లెన్సుల అరుగుదల, కంప్యూటర్, బ్యాకప్ డిస్కులు, సాఫ్ట్‌వేర్ చందాలు, బీమా, ప్రయాణాలు, పన్నులు అన్నీ కలిపి 6,000 అనుకో. ఇంట్లోకి రావాల్సింది 9,000. మొత్తం 15,000. దీన్ని 365తో భాగించేస్తారు చాలామంది, అక్కడే మునుగుతారు. వారాంతాలు 104, సెలవులూ జ్వరాలూ 20 తీసేస్తే 241. అందులో సగానికి పైగా ఎడిటింగు, కొటేషన్లు, బాకీల కోసం ఫోన్లు. బిల్లు వేయగలిగేది 100 రోజులు ఉంటే గొప్ప. అంటే రోజుకి 150. ఇది నీ నేల. కొత్తగా షూట్ చేసే పనైతే దీనికింద దిగావంటే ఎదురు డబ్బిచ్చి పనిచేస్తున్నట్టే.

రెండోది వాడకం లెక్క. నీ విషయంలో ఫొటోలు ఉన్నవే కాబట్టి రోజు ఖరీదు నేరుగా రాదు, వాడకమే. నేను పెట్టుకునే పట్టిక: ఒక ఫొటో, ఒక దేశం, ఒక ఏడాది, వాళ్ళ సొంత వెబ్‌సైటు, సొంత సోషల్ పేజీలు = 100. బ్రోచర్ 5,000 కాపీల దాకా +40. డబ్బు పెట్టి నడిపే ఆన్‌లైన్ ప్రకటనలు +100. హోర్డింగులు +150. సరుకు ప్యాకింగు మీద +200. రెండేళ్ళకి 1.5 రెట్లు, మూడేళ్ళకి 1.8, అయిదేళ్ళకి 2.5. ప్రపంచమంతా అంటే రెండింతలు. వాళ్ళ రంగంలో ఇంకెవరికీ ఇవ్వకూడదంటే మళ్ళీ రెండింతలు.

నీ ఆరు ఫొటోలకి: ఒక్కోటి 100+40 = 140. మొదటిది పూర్తి రేటు 140, తర్వాత రెండు 80 శాతంలో 112 చొప్పున 224, చివరి మూడు 60 శాతంలో 84 చొప్పున 252. మొత్తం 616. రెండేళ్ళకైతే 924. ఇప్పుడు ఆ 100 అనేది నీ దగ్గర ఎంతో నువ్వు తేల్చుకో.

#12 ఎఫ్‌ఎయిట్
ఆ "100 ఎంతో నువ్వు తేల్చుకో" దగ్గరే కదన్నా ఊరంతా తగలబడేది.

#13 రాఫైలు
నిజమే, ఒప్పుకుంటాను. మూడు దారులున్నాయి. ముందే తీసి ఉన్న ఫొటోలు అమ్మే పెద్ద స్టాక్ ఏజెన్సీల్లో అలాంటి వాడకానికే ఎంత చూపిస్తున్నారో చూడు. అదీ చవక చందా సైట్లో కాదు, ఒక్కో ఫొటో విడిగా అమ్మేచోట. రెండు, అదే ఫొటో కొత్తగా తీయించుకోవాలంటే వాళ్ళకి ఎంతవుతుందో లెక్కేయి: రోజు ఖరీదు, మనుషులు, అనుమతులు. నీ రేటు దానికన్నా తక్కువ ఉంటే నీతోనే కొంటారు. మూడు, ప్రకటనలైతే ఆ చోటు కొనడానికి వాళ్ళు పెట్టే ఖర్చు. చోటుకి లక్ష యూనిట్లు పోసి ఫొటోకి 50 అంటే నవ్వొస్తుంది.

#14 ఫ్లాష్‌సింక్
ఈ పట్టికల మీద నాకు నమ్మకం లేదు. +40, +100 అని కలుపుకుంటూ పోతే చిన్న కంపెనీకి కొండంత కనిపిస్తుంది, పెద్ద కంపెనీకి చిల్లరలా కనిపిస్తుంది. ఒకే వాడకం, కానీ విలువ వేరు. ఇద్దరు మనుషులున్న సంస్థ వెబ్‌సైటు, వంద దేశాల్లో ఉన్న సంస్థ వెబ్‌సైటు రెండింటికీ 100 అంటే ఎలా?

#15 రాఫైలు
అందుకే ప్రాంతం గుణకం ఉంది. వంద దేశాల్లో ఉన్నవాళ్ళు "ఒక దేశం" లైసెన్సు తీసుకుని బతకలేరు. అయినా మీరన్నదాంట్లో పస ఉంది. పట్టిక బేరం మొదలుపెట్టడానికే. అంకె ఎలా వచ్చిందో నీకు తెలిస్తే దేన్ని తగ్గిస్తే ఎంత తగ్గుతుందో కూడా తెలుస్తుంది.

#16 డిజైన్‌డెస్క్
అదే అసలు కిటుకు. మా బడ్జెట్ 500 అని మేమంటే "సరే 500" అనకండి. "500కి ఒక ఏడాది, బ్రోచర్ లేకుండా" అనండి. 616లో బ్రోచర్ తీసేస్తే 440 కదా, 60 మిగులుతుంది కూడా. రేటు తగ్గించి వాడకం అలాగే ఉంచితే మొదట చెప్పింది అబద్ధపు రేటని మాకు అర్థమైపోతుంది, వచ్చేసారి 300 నుంచి మొదలుపెడతాం. మనసులో మాట చెప్పేశాను.

#17 బ్యాటరీడౌన్
శత్రు శిబిరం నుంచి గూఢచారి దొరికాడు!

#18 డిజైన్‌డెస్క్
దొరికింది. ఆడవాళ్ళమూ బేరమాడతాం.

#19 మూడుకాళ్ళపీట
రాయల్టీ ఫ్రీ అని ఇచ్చేస్తే పోలా? ఒకసారి డబ్బు, తర్వాత తలనొప్పి లేదు. 2020 నాటికి గెట్టీ ఇమేజెస్ అనే పెద్ద స్టాక్ ఏజెన్సీ కూడా క్రియేటివ్ ఫొటోల్లో (వార్తలవి కానివాటిలో) రైట్స్ మేనేజ్డ్ పద్ధతి, అంటే వాడకాన్ని బట్టి రేటు కట్టడం, ఎత్తేసింది. అంత పెద్దవాళ్ళే వదిలేశాక మనకెందుకు ఈ లెక్కలు?

#20 చీకటిగది
వాళ్ళకి కోట్ల ఫొటోలు, నీకు ఆరు. వాళ్ళు సంఖ్య మీద బతుకుతారు. పైగా రాయల్టీ ఫ్రీ అంటే హద్దుల్లేవనీ కాదు, ఉచితమనీ కాదు. చాలా స్టాక్ సైట్ల మామూలు లైసెన్సులో ముద్రణకి 5,00,000 కాపీల హద్దుంటుంది. టీషర్టు, కప్పు, పోస్టర్‌లా ఫొటోనే సరుకుగా అమ్మాలంటే ఎక్స్‌టెండెడ్ లైసెన్సు వేరే కొనాలి. లోగోలో వాడుకుని ట్రేడ్‌మార్క్ చేసుకోకూడదు. అమ్మేవాళ్ళంతా ఒకసారి ఈ షరతులు చదవాలి, కొనేవాళ్ళు ఎలాగూ చదవరు.

#21 ఫ్లాష్‌సింక్
ఉచిత సైట్ల గురించి కూడా ఒక ముక్క. అక్కడ ఫొటో దొరికిందంటే అందులో మనిషి సమ్మతి ఉందని కాదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో (తీసినవాళ్ళే అందరికీ ముందుగా ఇచ్చేసే అనుమతి) "ఎన్‌సీ" (నాన్ కమర్షియల్) ఉంటే వాణిజ్యానికి కుదరదు. అది లేకపోతే నీ ఫొటోని ఎవరైనా ప్రకటనలో పెట్టుకోవచ్చు, పేరు వేసి, ఆ లైసెన్సులోని మిగతా షరతులు పాటిస్తే చాలు. ఒకసారి ఆ లైసెన్సు తగిలించాక అప్పటికే తీసుకున్నవాళ్ళ దగ్గర నుంచి వెనక్కి లాక్కోలేవు. కొత్తలెన్సు, నీ పేజీలో పొరపాటున అలాంటిదేమైనా టిక్ చేశావేమో చూసుకో ముందు.

#22 కొత్తలెన్సు
చూశాను, "అన్ని హక్కులూ ప్రత్యేకం" అనే ఉంది. హమ్మయ్య. మరి ఆ వెల్డర్ ఫొటో?

#23 పిక్సెల్‌పంతులు
వార్తలోనో వ్యాసంలోనో వస్తే ఒక సంగతి, అమ్మకానికి వాడితే ఇంకో సంగతి. తేడా ఫొటోలో లేదు, వాడకంలో ఉంది. కంపెనీ వెబ్‌సైటు, బ్రోచర్ రెండూ అమ్మకం కిందికే వస్తాయి. గుర్తుపట్టగలిగే మనిషి ఉంటే మోడల్ రిలీజ్ (ఫొటోలో ఉన్న మనిషి ఇచ్చే సమ్మతి పత్రం) కావాలి.

గుర్తుపట్టడమంటే మొహం ఒక్కటే కాదు. పచ్చబొట్టు, చొక్కా మీద పేరు, హెల్మెట్ మీద పనిచేసే సంస్థ గుర్తు, ఏది చూసినా తోటివాళ్ళు "ఇది ఫలానా ఆయన" అనగలిగితే చాలు. రిలీజ్ కాగితంలో ఆయన పూర్తి పేరు, చిరునామా, ఫొటో తీసిన తేదీ, ఏ వాడకాలకి ఒప్పుకుంటున్నాడో, ప్రతిఫలం ఏమిటో, సంతకం, ఒక సాక్షి ఉండాలి. కాగితం మీదే ఆ ఫొటో చిన్నగా అచ్చువేసి అంటించు, "ఈ ఫొటో కాదు" అనే మాట రాదు. మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం చెయ్యాలి. మందులు, రోగాలు, మద్యం, రాజకీయం లాంటివాటికి వాడతారంటే ఆ మాట విడిగా రాయించు. మామూలు రిలీజ్ చూపించి ఒక మనిషిని రోగిగా చూపిస్తే గొడవ ఖాయం.

#24 మూడుకాళ్ళపీట
ముసుగు తీసిన వెల్డర్ ఫొటో బదులు ముసుగేసుకున్న ఫ్రేమ్ ఉంటే అదివ్వు. నిప్పురవ్వలు కూడా బాగా వస్తాయి.

#25 లెన్స్‌మూత
ఇన్నాళ్ళకి పీటగారు పనికొచ్చే మాట చెప్పారు.

#26 చీకటిగది
గోడ బొమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు. అది వేసినవాళ్ళకి దాని మీద కాపీరైట్ ఉంటుంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్నవాటిని ఫొటో తీసి వాడుకునే స్వేచ్ఛ కొన్ని దేశాల్లో ఉంది, కొన్నిట్లో లేదు, కొన్నిట్లో శిల్పాలకి ఉండి గోడ బొమ్మలకి లేదు. ఈఫిల్ టవర్ అందరికీ తెలిసిన ఉదాహరణ: 1889 నాటి కట్టడం, కట్టినాయన పోయింది 1923లో, కట్టడం మీద కాపీరైట్ గడువు తీరిపోయింది కాబట్టి పగటి ఫొటోకి ఇబ్బంది లేదు. రాత్రి దీపాల అలంకరణ మాత్రం వేరే రచన కింద లెక్క, వాణిజ్యానికి వాడాలంటే నిర్వాహకుల అనుమతి కావాలంటారు. నీ ఫొటోలో బొమ్మే ప్రధానంగా ఉంటే వేసినవాళ్ళని అడుగు, లేదా ఆ ఫొటో పక్కన పెట్టి అయిదే అమ్ము. వెనక మసకగా ఒక మూల ఉంటే కత్తిరించు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

#27 ఎఫ్‌ఎయిట్
ఇక్కడే ఇంకో గుంట. వాళ్ళు పంపే ఒప్పందంలో "ఎలాంటి దావా వచ్చినా పూర్తి బాధ్యత ఫొటోగ్రాఫర్‌దే" అని ఉంటుంది. 616 తీసుకుని అరవై వేల బాధ్యత నెత్తినేసుకుంటామా? "ఫొటో నేనే తీశాను, నా సొంత రచన" అనే హామీ ఇవ్వు. "రిలీజ్ ఉన్నవి ఇవి, లేనివి ఇవి" అని ఒక్కో ఫొటో ఎదురుగా రాయి. బాధ్యత హద్దు అందుకున్న ఫీజు దాకానే అని మార్పించు. శీర్షికలు, పక్కన వేసే మాటలు వాళ్ళవి కాబట్టి వాటివల్ల వచ్చే గొడవ వాళ్ళదే అని కూడా.

#28 బ్యాటరీడౌన్
సైజుని బట్టి రేటు పెట్టకూడదా? చిన్న ఫైలు చవక, పెద్ద ఫైలు ఖరీదు. తేలిగ్గా అర్థమవుతుంది.

#29 రాఫైలు
పాతకాలం స్టాక్ పద్ధతి అది, ఇప్పుడు మోసపోతావు. లెక్క చూడు. ఏ4 పేజీ నిండా 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్ళు) 2480 × 3508 పిక్సెళ్ళు కావాలి. 20 అడుగుల × 10 అడుగుల హోర్డింగు దూరం నుంచి చూసేది కాబట్టి 20 పీపీఐ చాలు: 240 అంగుళాలు × 20 = 4800, 120 × 20 = 2400. అంటే 24 మెగాపిక్సెల్ ఫైలు, 6000 × 4000, దానికీ సరిపోతుంది దీనికీ సరిపోతుంది. బ్రోచర్‌కని ఇచ్చిన ఫైలు హోర్డింగు ఎక్కేస్తుంది.

అందుకే సైజుని రేటుకి వాడకు, తాళానికి వాడు. వెబ్ లైసెన్సు తీసుకున్నవాళ్ళకి పొడవు వైపు 2000 పిక్సెళ్ళు, ఎస్‌ఆర్‌జీబీ (తెరల మీద మామూలుగా వాడే రంగుల పద్ధతి) జేపీజీ. బ్రోచర్ కూడా ఉంటే, ఏ4 సగం పేజీ అన్నప్పుడు దానికి సరిపడా 3000 దగ్గర. పూర్తి సైజు, టిఫ్ (నాణ్యత తగ్గని పెద్ద ఫైలు) అడిగితే "ఏ వాడకానికి?" అని మళ్ళీ మొదటికి రావాలి.

#30 మూడుకాళ్ళపీట
రా ఫైళ్ళు (కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టు, ఎడిట్ చేయనివి) కూడా అడుగుతారు. ఇవ్వను అంటే అలుగుతారు.

#31 రాఫైలు
నా పేరు పెట్టి నన్నే అమ్మేస్తారా? రా ఇస్తే ఎవరో ఇష్టమొచ్చిన రంగు కొట్టి నీ పేరు వేస్తారు. ఇవ్వాల్సి వస్తే అది వేరే లైను, వేరే ఖరీదు.

#32 ఫ్లాష్‌సింక్
ఇప్పుడు బయ్యవుట్. శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతా అని పట్టుబడితే? నేనైతే ఏడాది రేటుకి పదింతలు అంటాను.

#33 ఎఫ్‌ఎయిట్
నేనైతే కాపీరైట్ అమ్మను, అంతే. కాలానికి హద్దు లేని నాన్ ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు ఇస్తాను. వాళ్ళ భయం తీరుతుంది, ఫొటో నాదిగానే ఉంటుంది.

#34 చీకటిగది
ఫొటోని బట్టి మాట్లాడాలి ఇద్దరూ. వాళ్ళ సీసా, వాళ్ళ లేబుల్ మధ్యలో ఉన్న ఫొటో ఇంకెవరికి అమ్ముతావు? దాన్ని శాశ్వతంగా ఇచ్చినా పోయేది తక్కువ, ఏడాది రేటుకి మూడింతలకైనా ఇచ్చేయొచ్చు. వెల్డింగ్ నిప్పురవ్వల లాంటి ఫొటో వేరు: ఉక్కు కంపెనీ, బీమా కంపెనీ, శిక్షణ సంస్థ, పాఠ్యపుస్తకం, అందరికీ పనికొస్తుంది. దాన్ని పూర్తిగా అమ్మితే రాబోయే అమ్మకాలన్నీ ఒకేసారి అమ్మినట్టు. అక్కడ పదింతలు కూడా తక్కువే కావచ్చు.

మధ్యేమార్గం: వెబ్‌సైటులో ఒకసారి పెట్టింది తీయక్కర్లేదు, కానీ ప్రకటనలకీ ముద్రణకీ గడువు. అచ్చయిపోయిన బ్రోచర్లు అయిపోయేదాకా పంచుకోవచ్చు, కొత్తగా అచ్చు వెయ్యాలంటే రెన్యూవల్. ఆ రెన్యూవల్ రేటు ఇప్పుడే రాసుకుంటే ఇంకా మంచిది.

#35 డిజైన్‌డెస్క్
ఈ మధ్యేమార్గం దొరికితే మా లీగల్ వాళ్ళు కూడా సంతకం పెడతారు. ఒక్క మాట కలపండి: ఏఐ శిక్షణ. "యంత్రాలకి నేర్పడానికి ఈ ఫొటో వాడకూడదు, ఇతరులని వాడనివ్వకూడదు" అని విడిగా ఒక వాక్యం. కొత్త ఒప్పందాల్లో "ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని సాంకేతికతల్లో" అనే మాట చల్లగా దూరుతోంది. అది కనిపిస్తే కొట్టేయమనండి.

#36 లెన్స్‌మూత
"మీ పేరు వేస్తాం, పబ్లిసిటీ వస్తుంది" అనే మాట ఇంకా రాలేదా?

#37 కొత్తలెన్సు
మెయిల్లో రెండో పేరాలో ఉంది. చెప్పడానికి సిగ్గేసింది.

#38 లెన్స్‌మూత
క్రెడిట్ లైను చూపిస్తే కరెంటోళ్ళు బిల్లు మాఫీ చేస్తారేమో కనుక్కో, చేస్తే మాకూ చెప్పు.

#39 పిక్సెల్‌పంతులు
పేరు వేయించుకోవడం మాత్రం వదలకు, డబ్బు బదులు కాదు, డబ్బుతో పాటు. ఫైల్లో ఐపీటీసీ గడులు (ఫొటో ఫైలు లోపలే ఉండే వివరాలు, మెటాడేటా) నింపి పంపు: తీసినవారు, కాపీరైట్ నోటీసు, క్రెడిట్ లైను, హక్కుల వివరాలున్న పేజీ చిరునామా. ఆ చివరి గడి ఉంటే గూగుల్ ఇమేజెస్‌లో "లైసెన్సబుల్" అనే గుర్తు వచ్చే వీలుంది, 2020 నుంచి. ఫొటోషాప్‌లో సేవ్ ఫర్ వెబ్ చేసేటప్పుడు మెటాడేటా "నన్" మీద ఉంటే అన్నీ పోతాయి, చూసుకో. సోషల్ మీడియాలో ఎక్కిస్తే చాలాచోట్ల ఎలాగూ చెరిపేస్తారు, కాబట్టి దాని మీదే ఆధారపడకు.

#40 బ్యాటరీడౌన్
సోషల్ మీడియాలో పెట్టిన ఫొటో అందరిదీ అంటారుగా కొంతమంది?

#41 పిక్సెల్‌పంతులు
అనేవాళ్ళకి డేనియల్ మోరెల్ పేరు చెప్పు. 2010 హైతీ భూకంపం ఫొటోలు ట్విట్టర్ ద్వారా పంచుకున్నాడు, వార్తా ఏజెన్సీల ద్వారా అవి లోకమంతా పాకాయి. ట్విట్టర్ షరతులు మాకూ అనుమతిచ్చాయనే వాదన కోర్టులో నిలవలేదు. 2013లో జ్యూరీ ఆయనకి 12 లక్షల డాలర్లు ఇప్పించింది. వేదికకి ఇచ్చే అనుమతి వేరు, దారినపోయే కంపెనీకి ఇచ్చే అనుమతి వేరు.

#42 ఫ్లాష్‌సింక్
గడువు దాటి వాడుతున్నట్టు కనిపిస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పండి. నా పద్ధతి: ముందు పేజీ మొత్తం స్క్రీన్‌షాట్, చిరునామా, తేదీ కనిపించేలా. తర్వాత మన లైసెన్సుల జాబితాలో వెతకడం, ఏ ఏజెన్సీ ద్వారానో సరిగ్గానే కొని ఉండొచ్చు. ఆ తర్వాతే మెయిల్: "ఈ వాడకానికి నా దగ్గర లైసెన్సు కనపడటం లేదు, మీ దగ్గరుంటే పంపండి." లేదని తేలితే జరిగిన వాడకానికి బిల్లు. తిట్లూ బెదిరింపులూ వద్దు, అవే రేపు మనకి అడ్డం తిరుగుతాయి. మామూలు రేటుకి రెండింతలు అడగడం ఉంది, ఒప్పందంలో ముందే రాసుంటే అడగడం తేలిక.

#43 కొత్తలెన్సు
వాళ్ళ జవాబు వచ్చింది. వెబ్‌సైటు, సొంత సోషల్ పేజీలు, బ్రోచర్ 5,000, ఒక దేశం, రెండేళ్ళు చాలట. బొమ్మ ఉన్న ఫొటో తీసేశాను, వెల్డర్‌ది ముసుగున్న ఫ్రేమ్ పెట్టాను, హెల్మెట్ మీద గుర్తు కూడా లేదు. కాబట్టి అయిదు: 140 + 224 + 168 = 532, రెండేళ్ళకి 798. బిల్లు మీద రాసే లైను ఇది, చూసి చెప్పండి:

"01 నుంచి 05 ఫొటోలకి నాన్ ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు. వాడకం: సంస్థ సొంత వెబ్‌సైటు, సొంత సోషల్ మీడియా పేజీలు, 5,000 కాపీల బ్రోచర్ మొదలైనవి. ప్రాంతం: ఒక దేశం. కాలం: రెండేళ్ళు. కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే."

#44 ఎఫ్‌ఎయిట్
"మొదలైనవి" తీసెయ్! ఆ ఒక్క మాటలో హోర్డింగు, క్యాలెండర్, విమానం తోక అన్నీ పడతాయి.

#45 చీకటిగది
"ఒక దేశం" కాదు, దేశం పేరు రాయి. "రెండేళ్ళు" ఎప్పటినుంచి? బిల్లు తేదీ నుంచా, మొదట వాడినరోజు నుంచా? రెండు తేదీలూ అంకెల్లో వెయ్యి. వెబ్‌సైటులో ఒక దేశం అనేది ఎలాగూ నిలవదు, అది ఎక్కడైనా తెరుచుకుంటుంది. కాబట్టి దేశం హద్దు బ్రోచర్‌కని, వెబ్‌కి మాత్రం వాళ్ళ ఆ ఒక్క సైటు చిరునామా అని రాయి. ఇంకోటి: "పూర్తి డబ్బు అందిన తర్వాతే లైసెన్సు అమల్లోకి వస్తుంది." ఈ వాక్యం లేకపోతే డబ్బు ఎగ్గొట్టినవాళ్ళ మీద నీకు మిగిలేది బాకీ వసూలు, ఉంటే అది అనుమతి లేని వాడకం.

#46 డిజైన్‌డెస్క్
సోషల్ పేజీల దగ్గర "డబ్బు పెట్టి పెంచే పోస్టులు మినహా" అని కలుపు. మా వాళ్ళు బూస్ట్ బటన్ నొక్కకుండా ఉండలేరు, తర్వాత అది ప్రకటన కాదంటారు. పెంచాలంటే ఎంతో కూడా పక్కనే రాసెయ్, నొక్కేముందు అడుగుతారు.

#47 రాఫైలు
రెండేళ్ళ గడువుకి 60 రోజుల ముందు నీ క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టుకో. రెన్యూవల్ మెయిల్ వాళ్ళ నుంచి రాదు, నువ్వే పంపాలి.

#48 కొత్తలెన్సు
అన్నీ మార్చాను. దేశం, తేదీలు, సైటు చిరునామా, బూస్ట్ మినహాయింపు, డబ్బు అందాకే అన్న వాక్యం, ఏఐ వాక్యం. పంపేశాను.

#49 లెన్స్‌మూత
ఈ కొటేషన్ ఎన్ని రోజులు చెల్లుతుందో రాశావా?

#50 కొత్తలెన్సు
...

#51 ఎఫ్‌ఎయిట్
30 రోజులని ఇంకో మెయిల్ పెట్టు. ఇప్పుడే.